అనసూర్య తొట్టి కారు

అనసూర్య మొదటిసారి చూసినప్పుడు ఆ కారులో లేగదూడ పడుకుని ఉంది.

అది రెండువేల తొమ్మిది, దసరా వెళ్లిన వారం. మంథనిలో సదాశివ అనే రిటైరైన పంతులుగారి ఇంటి గేటు కీలు విరిగితే అతికించడానికి ఆమె గోదావరిఖని నుంచి వెళ్లింది. వెల్డింగు మిషన్‌ను ట్రాలీ ఆటోలో వేసుకుని డ్రైవరు పక్కన కూర్చుని వచ్చిన ఆడమనిషిని చూసి పంతులుగారి భార్య విశాలాక్షమ్మ కాసేపు వీధి చివరిదాకా చూసింది. పనిచేసే మనిషి వెనకాల వస్తున్నాడనుకుంది. "ఎవ్వరు రారమ్మా, చేసేది నేనే" అని చెప్పి అనసూర్య ముఖానికి షీల్డు అడ్డం పెట్టుకుంది. గంటలో గేటు మునుపటిలా తిరిగింది. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే కొట్టం చూరు కింద ఆ కారు కనిపించింది.

కారు అనడానికి మనసొప్పలేదు. నీళ్ల తొట్టికి నాలుగు చక్రాలు పెట్టినట్టుంది. రెండే సీట్లు. తలుపులు మోకాలి ఎత్తు. ముందు అద్దం జానెడు. పైకప్పు అన్న మాటే లేదు. సదాశివ చిన్నాయన ఒకాయన వకీలుగా చేసేవాడట, ఊరు వదిలి వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర అరవై రెండులో ఆ ఇంగ్లండు బండిని కొన్నాడట. ఆయన పోయి ముప్పై ఏళ్లయింది. ఇంజను బిగుసుకుపోయింది, వైర్లు ఎలుకలు కొట్టేశాయి, అడుగు రేకు తుప్పుపట్టి అక్కడక్కడా రాలిపోయింది. ఊళ్లో పిల్లలు దాన్ని తొట్టి కారు అనేవారు. వచ్చే వారం పాత ఇనుము వాళ్లు తీసుకుపోతామన్నారని పంతులు చెప్పాడు.

అనసూర్య అతని మాటలు సగమే వింటోంది. ఆమె దూడను అదిలించి లేపి, తలుపు తీసి, నిటారుగా నిలబడి, వీపు వంచకుండా సీటు ఉండాల్సిన చోట మిగిలిన చట్రం మీద కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది. మూడోసారి కూడా కూర్చుని లేచాక, "సారూ, గిది నాకియ్యున్రి" అంది.

ఆమె ఎందుకు అలా కూర్చుని లేచిందో తెలియాలంటే ఆమె భర్త సదయ్య సంగతి చెప్పాలి.

సదయ్య పదహారేళ్లు బొగ్గు బావిలో పనిచేశాడు. పైకప్పుకు దన్నుగా పెట్టే దుంగను భుజాన మోసుకుపోతూ రెండువేల రెండులో ఒకరోజు కాలుజారి పడ్డాడు. దుంగ నడుము మీద పడింది. హైదరాబాదు దవాఖానలో రెండు ఆపరేషన్లయ్యాక ప్రాణానికి ఢోకా లేదన్నారు, నడవగలడన్నారు, కుర్చీలో కూర్చోగలడన్నారు. వంగడం మాత్రం ఇక ఉండదన్నారు. డాక్టర్లు అన్‌ఫిట్ రాశాక ఆ ఉద్యోగం భార్యకు వచ్చింది. అనసూర్య బొగ్గు కంపెనీ ఏరియా వర్క్‌షాపులో జనరల్ మజ్దూర్‌గా చేరింది. సదయ్య ఇంట్లో పొయ్యి దగ్గరికి చేరాడు. గట్టు మీద స్టవ్వు పెట్టించుకుని నిలబడే వండేవాడు. అతను చేసే పచ్చిపులుసు కోసం పక్క క్వార్టరు సమ్మవ్వ గిన్నె పట్టుకుని వచ్చేది. భార్యాభర్తలకు ఈ తారుమారు మొదట్లో కొత్తగా ఉన్నా ఏడాది తిరిగేసరికి అలవాటైపోయింది. కూతురు రమ హన్మకొండలో నర్సింగ్ చదువుకు వెళ్లాక ఇంట్లో ఇద్దరే మిగిలారు.

అలవాటు కానిది ఒకటే. సదయ్య కాలనీ దాటి పోలేకపోయేవాడు. ఆటో ఎక్కాలంటే వంగాలి. కారెక్కాలంటే తల వంచి నడుము మడవాలి. బస్సు మెట్టు ఎత్తు. ఒకసారి తమ్ముడి స్కూటరు వెనక కూర్చుంటే మొదటి గుంతకే రెండు వారాలు మంచం పట్టాడు. అప్పట్నుంచి పొద్దున చాయ్ బండి దాకా, సాయంత్రం నల్లా దాకా, అంతే అతని లోకం. దాని గురించి అతను గొణిగేవాడు కాదు. బస్సు దిగి వచ్చినవాళ్లను పట్టుకుని పెద్దపల్లిలో ఏముంది, కరీంనగర్‌లో ఏ రోడ్డు వెడల్పు చేశారు అని అడిగేవాడు. ఆ అడగడం వింటే అనసూర్యకు లోపల ఏదో గుచ్చుకునేది.

అందుకే కప్పులేని కారు చూడగానే ఆమె కూర్చుని లేచి చూసింది. తల తగిలే చోటే లేకపోతే వంగే అవసరమేముంది?

వెల్డింగు ఆమెకు ఎవరూ ఉద్యోగంలో భాగంగా నేర్పలేదు. వర్క్‌షాపులో ఆమె పని ఊడ్వడం, మంచినీళ్లు తేవడం. బుచ్చన్న అనే పాత వెల్డరు ఒకరోజు పట్టుకునే మనిషి లేక, "చెల్లె, గీ ముక్క జర పట్టు" అన్నాడు. పట్టింది. మర్నాడూ పట్టింది. ఇనుము కరిగి నీళ్లలా పారి, చల్లారి, మళ్లీ ఇనుమయ్యేది చూస్తుంటే ఆమెకు చీపురు మీద ధ్యాస పోయింది. బుచ్చన్న అది కనిపెట్టి, భోజనాల వేళ పనికిరాని ముక్కల మీద రాడ్డు పట్టించాడు. నాలుగేళ్లలో ఆమె చెయ్యి కుదిరింది. సొంతానికి ఒక పాత మిషన్ సంపాదించుకుని, డ్యూటీ లేని వేళల్లో కిటికీ గ్రిల్లులూ గేట్లూ చేయసాగింది. కంపెనీ కాగితాల్లో మాత్రం చీపురు చీపురుగానే ఉంది.

పంతులుగారు సరేననడంతో తొట్టి కారు ట్రాక్టరు ట్రాలీలో గోదావరిఖని చేరింది. కాలనీ అంతా చూడటానికి వచ్చింది. దింపడానికి కష్టపడతామనుకున్న మగవాళ్లు పదిమంది పట్టి లేపితే అది అనుకున్నదానికంటే తేలిగ్గా లేచొచ్చింది. జామచెట్టు కింద దాన్ని ఇటుకల మీద నిలబెట్టారు. సదయ్య గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, దీంట్లో పప్పు నానబోసుకోవచ్చా అని అడిగాడు.

"నిన్ను నానబెడత" అంది అనసూర్య.

ముందు తుప్పు పని పట్టింది. అడుగు రేకు మొత్తం కోసేసి కొత్త రేకు వేసింది. కప్పులేని బండికి బలమంతా అడుగులోనే ఉంటుంది, అక్కడ మెతకగా ఉంటే గుంతలో పడ్డప్పుడు నడిమికి మడుచుకుంటుందని బుచ్చన్న హెచ్చరించాడు. అందుకని రెండు పక్కలా పొడుగునా చదరపు గొట్టాలు పెట్టి, మధ్యలో అడ్డం రెండు వేసి అతికించింది. వర్క్‌షాపు నుంచి ఒక్క మేకు కూడా తేలేదు. అవసరమైన ఇనుమంతా బసంత్‌నగర్ లారీ అడ్డాలో కొన్నది. ఎవరైనా అడిగితే చూపించడానికి చిట్టీలు సదయ్య డబ్బాలో దాచేవాడు. ఎవరూ అడగలేదు.

ఆమె మిషన్ పెట్టినప్పుడల్లా పక్కింట్లో సమ్మవ్వ టీవీ బొమ్మ వణికేది. సమ్మవ్వకు సీరియళ్లంటే ప్రాణం. రెండ్రోజులు ఓర్చుకుని మూడోరోజు వచ్చి, అత్త కోడల్ని ఏమందో వినపడకుండా చేశావని నిష్ఠూరమాడింది. అప్పట్నుంచి ఒక ఒప్పందం కుదిరింది. సీరియల్ మధ్య ప్రకటనలు రాగానే సమ్మవ్వ గోడ మీద చెంబుతో కొట్టేది. అనసూర్య ఆ నాలుగు నిమిషాలూ అతికించేది. మళ్లీ చెంబు మోగితే ఆపేది. అడుగు పని సగం ఆ ప్రకటనల్లోనే అయింది.

ఇంజను కోసం బసంత్‌నగర్‌లో రఘుపతి దగ్గరికి వెళ్లింది. రఘుపతి లారీల మెకానిక్కు, వరసకు ఆమెకు మేనబావ. అతని షెడ్డు వెనక వెనకభాగం నుజ్జయిన మారుతి వ్యాను ఒకటి పడి ఉంది. పాత ఇంజను రిపేరు చేద్దామంటే దాని సామాను ఏ దేశంలోనూ దొరకదని, దాని బదులు ఈ వ్యాను ఇంజను పెట్టమని రఘుపతి సలహా ఇచ్చాడు. వ్యానులో కూడా ఇంజను ముందుండి వెనక చక్రాలనే తిప్పుతుంది కాబట్టి ఇమిడిపోతుంది. పైగా పాతది దించడానికి నలుగురు కావాల్సి వస్తే ఇది ఇద్దరు మోయొచ్చు. నడిచే మరో వ్యానులో రఘుపతే ఆమెకు బండి నడపడం కూడా నేర్పాడు. సిమెంటు లారీల మధ్య నేర్చుకున్న మనిషికి ఇంకెక్కడా భయముండదనేవాడు.

ఇంజను కూర్చోబెట్టాక కొత్త చిక్కులు వచ్చాయి. బరువు తగ్గిపోవడంతో బండి ముక్కు పైకెత్తి ఆకాశం చూడసాగింది. ముందరి స్ప్రింగులు ఒక్కో చుట్టు కోయాలి. గ్యాసుతో కోస్తే నిమిషం పని. కానీ వేడి తగిలితే స్ప్రింగు బిగువు చచ్చిపోతుందని బుచ్చన్న ఒప్పుకోలేదు. రెండు ఆదివారాలు చేత్తో ఆక్సా బ్లేడు లాగి కోసింది. వెనక చక్రాల మీది కమాన్ స్ప్రింగు పట్టీల్లో ఒక్కోటి తీసేసి మెత్తగా చేసింది. ఇంజను నుంచి వెనక ఇరుసుకు తిరిగే షాఫ్టును పొట్టిగా కోసి అతికిస్తే, తిప్పినప్పుడు బండంతా మలేరియా వచ్చినట్టు వణికింది. తాను అతికించినదాంట్లో తప్పు దొర్లడం అదే మొదటిసారి. ఆ రోజు అన్నం తినలేదు. అతుకు వెంట్రుకవాసి పక్కకు పోయిందని కరీంనగర్ లేతు మిషన్ అతను చూపించాడు. మళ్లీ కోసి, లేతు మీద బిగించి, తిప్పుకుంటూ నాలుగు వెల్డింగు చుక్కలు పెట్టి, సరిచూసి, అప్పుడు చుట్టూ అతికించింది. వణుకు పోయింది.

ఇలా రెండేళ్లు గడిచాయి. డ్యూటీ, గ్రిల్లుల పని పోను మిగిలిన వేళల్లో నడిచే వ్యవహారం అది. కాలనీవాళ్లకు కారు మీద ఆశపోయింది. జామచెట్టు మీద పిచుకలు మాత్రం రోజూ దాని స్టీరింగు మీద వాలేవి.

రెండువేల పదకొండు సెప్టెంబరులో ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బావులు ఆగాయి, వర్క్‌షాపుకు తాళం పడింది, బస్సులు నిలిచిపోయాయి. అనసూర్య పొద్దున అందరితో పాటు దీక్షా శిబిరంలో కూర్చుని పాటలు పాడి, మధ్యాహ్నానికి ఇల్లు చేరి కారు కింద దూరేది. ఆమె ఒక్కతే కాదు. చేతిలో పనిలేక పొద్దుపోని ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు ఒక్కొక్కరే ఆమె వాకిట్లోకి రాసాగారు. ఒకతను వైర్లు కొత్తగా లాగాడు. ఒకతను బ్రేకులు విప్పి కడిగి బిగించాడు. బుచ్చన్న స్టూలు వేసుకుని కూర్చుని అందరికీ తప్పులు చెప్పేవాడు. సదయ్య పెద్ద గిన్నెలో చాయ్ కాచి పోసేవాడు. నెల తిరిగేలోగా రెండేళ్లలో కానంత పని అయింది.

అసలైన పని మాత్రం అనసూర్య ఎవరికీ ఇవ్వలేదు. అది ఎడమవైపు సీటు. సదయ్య వంగకుండా కూర్చోవాలంటే సీటు కుర్చీ అంత ఎత్తుండాలి. కాళ్లు లోపలికి తేవాలంటే అది మనిషితో సహా తిరగాలి. లారీ చక్రం బేరింగు ఒకటి కింద పెట్టి, దాని మీద ఇనుప యాంగ్లర్ల చట్రం కట్టి, కుర్చీని బయటికి తిరిగేలా చేసింది. కూర్చున్నాక లోపలికి తిప్పి ఒక చీల దింపితే అక్కడే ఆగిపోవాలి. మొదటిసారి సదయ్యను కూర్చోబెట్టి తిప్పితే, చీల పడకముందే కుర్చీ గిర్రున తిరిగి అతను వెనక్కి మొహం పెట్టి ఆగాడు. వాకిట్లో ఉన్న పదిమందీ నవ్వు ఆపుకోవడానికి నానా తంటాలు పడ్డారు.

"ఇట్లనే ఉంచు," అన్నాడు సదయ్య. "వెనకెవరొస్తున్నరో నేను చెప్త."

అందరికంటే ఎక్కువ నవ్వింది అతనే.

బండి కదిలిన రోజు సంగతి కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. గేరు కర్ర వ్యానులో ఉన్న చోట ఉండదు కాబట్టి అనసూర్య వంపు తిరిగిన కడ్డీ ఒకటి కొత్తగా అమర్చింది. అందరూ చుట్టూ నిలబడ్డారు. ఆమె కొబ్బరికాయ కొట్టి, ఎక్కి కూర్చుని, మొదటి గేరు వేసి, క్లచ్చు వదిలింది. బండి ముందుకు పోవాల్సింది నిమ్మళంగా వెనక్కి బయల్దేరింది. కడ్డీ తిరగేసి అతికించడంతో మొదటి గేరు చోటికి వెనక గేరు వచ్చిపడింది. ఆమె గాబరాపడి బ్రేకుకు బదులు మళ్లీ క్లచ్చు తొక్కేలోగా సమ్మవ్వ బీరపాదు పందిరి పక్కకు ఒరిగింది. పందిరి కింద గిన్నెలు తోముతున్న సమ్మవ్వ లేచి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, కారు వెనక భాగాన్ని ఎగాదిగా చూసింది.

"నడుస్తున్నదైతె," అంది. "ఇగ ఎటు నడువాల్నో దానికి నేర్పు, బిడ్డా."

అనసూర్య మర్నాడు పాదుకు కర్రల బదులు ఇనుప గొట్టాలతో పందిరి వేసి ఇచ్చింది. ఆ ఏడు బీరకాయలు ఎన్నడూ లేనంత కాశాయి.

రంగు సదయ్య వంతు. అతను మిరపపండు ఎరుపు కావాలన్నాడు. పెద్దపల్లి దుకాణంలో ఎక్కడ కలగలిసిందో, సమ్మెకు ముందు తెచ్చిపెట్టుకున్న డబ్బా తెరిచేసరికి చింతచిగురు ఆకుపచ్చ వచ్చింది. మార్చుకురమ్మంటే బస్సులు లేవు. సదయ్య పుల్ల ముంచి చూసి, ఇదే బాగుందన్నాడు.

సమ్మె ముగిసి, అందరూ డ్యూటీలకు వెళ్లాక కాగితాల ఘట్టం మొదలైంది. సదాశివ పంతులు పాత పంచాంగాల కట్టలోంచి రిజిస్ట్రేషన్ పుస్తకం వెతికి తీసి, వారసులందరి సంతకాలతో పంపించాడు. ఇంజను మార్చినట్టు, సీటు మార్చినట్టు దరఖాస్తులు రాసుకుని అనసూర్య కరీంనగర్ రవాణా ఆఫీసుకు బండి తీసుకుపోయింది. పక్క సీట్లో రఘుపతి కూర్చున్నాడు. తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు తెల్ల చొక్కా విప్పకుండానే కింద పడుకుని అడుగంతా టార్చి వేసి చూశాడు. లేచి దుమ్ము దులుపుకుంటూ, ఏ గ్యారేజీలో చేయించారని రఘుపతిని అడిగాడు. రఘుపతి అనసూర్య వైపు చూపించాడు.

ఇన్‌స్పెక్టరు తిరిగే కుర్చీని నాలుగైదుసార్లు తిప్పాడు. ఎవరి కోసమని అడిగాడు. ఆమె చెప్పింది. అతను చీలను పైకి లాగి, మళ్లీ దింపి చూశాడు.

"చీల ఒక్కటే ఉందమ్మా. అది జారితే మనిషి రోడ్డు మీదికి తిరుగుతాడు. రెండోది పెట్టుకుని రండి, అప్పుడు సంతకం పెడతాను" అన్నాడు.

అంత దూరం వచ్చి ఉత్తచేతులతో పోవడం రఘుపతికి నచ్చలేదు. అనసూర్యకు మాత్రం ఆ మాట తనకెందుకు తట్టలేదా అనిపించింది. పదిరోజుల్లో రెండో చీల పెట్టి, దానికి స్ప్రింగు కూడా బిగించి తీసుకుపోయింది. సంతకమైంది.

సదయ్య మొదటి ప్రయాణం గోదావరి బ్రిడ్జి దాకా. అతను ఎత్తు సీట్లో కూర్చుంటే తల అద్దానికి జానెడు పైకి వచ్చి గాలి కళ్లలోకి కొట్టింది. అందుకని అతను అనసూర్య ఇనుము రుద్దేటప్పుడు పెట్టుకునే కళ్లద్దాలు పెట్టుకుని, చెవులకు తువ్వాల చుట్టుకుని, ఏనుగు మీద అంబారీలో పోతున్నవాడిలా కూర్చున్నాడు. ఆటోల వాళ్లు దారిచ్చి సలాం కొట్టారు. గుంతలు వస్తే అనసూర్య ముందే చెప్పేది, అతను తలుపు అంచు పట్టుకునేవాడు. మెత్తబడిన కమాన్ పట్టీలు దెబ్బను మింగేశాయి. బ్రిడ్జి మీద ఆపితే దిగనన్నాడు. ఇంకొంచెం పోదామన్నాడు. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ మంచిర్యాల దాకా తీసుకుపోయాడు. అక్కడ హోటల్లో దోసె తెప్పించుకుని కార్లోనే తిన్నాడు. పదేళ్ల తర్వాత ఇంకొకరి చేతి వంట తింటున్నానని, ఉప్పు తక్కువైందని చెప్పాడు.

తర్వాత మంథని వెళ్లారు. విశాలాక్షమ్మ వాకిట్లోకి వచ్చి, బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది. కాపురానికి వచ్చిన రోజు బస్టాండులో తనను ఎడ్లబండి ఎక్కించి, చినమామగారు ఈ కార్లో ఒక్కడే ముందు పోయాడని చెప్పింది. ఆడవాళ్లు ఎక్కితే బండి పరువు పోతుందని ఆయన నమ్మకమట. సదయ్య అరుగు మీది కుర్చీలోకి మారి ఆమెకు చోటిచ్చాడు. అనసూర్య సీటు బయటికి తిప్పి, కూర్చోబెట్టి, లోపలికి తిప్పింది. ఆ పెద్దావిడ ఊరంతా ఒక చుట్టు తిరిగి, బజారులో తెలిసిన ప్రతివాళ్లనూ పేరుపెట్టి పలకరించి వచ్చింది. దిగాక సదాశివతో, మీరూ ఓసారి ఎక్కండి, బాగానే ఉంది అంది.

ఆ డిసెంబరులో గని రక్షణ వారోత్సవాలు వచ్చాయి. ఆ రోజుల్లో కార్మికుల కుటుంబాలను కంపెనీ బస్సులో తీసుకుపోయి ఓపెన్‌కాస్టు గనిని పైనుంచి చూపిస్తారు. సదయ్య పనిచేసిన పాత బావి మూతపడి, పైన మట్టంతా తవ్వేసి, ఇప్పుడు ఓపెన్‌కాస్టు అయింది. అక్కడికి వెళ్లొచ్చినవాళ్లు అక్కడ ఏం కనపడుతుందో చెబుతుంటే సదయ్య వినేవాడు, ఏమీ అనేవాడు కాదు. అనసూర్య వర్క్‌షాపు ఇంజనీరు దగ్గరికి వెళ్లి, బస్సు ఎక్కలేని మనిషిని సొంత బండిలో తీసుకురావడానికి అనుమతి అడిగింది. చీపురు పట్టే ఆమెకు సొంత బండేమిటని ఆయన ఆశ్చర్యపోయినా, చీటీ రాసిచ్చాడు.

చూసే గట్టు మీద చింతచిగురు రంగు కారు ఆగింది. అనసూర్య చీలలు తీసి సీటు తిప్పింది. సదయ్య లేచి, కంచె దగ్గరికి నడిచాడు. కింద మెట్లు మెట్లుగా నేల దిగిపోయి ఉంది. డంపర్లు ఆటబొమ్మల్లా తిరుగుతున్నాయి. అన్నిటికంటే కింద నల్లటి బొగ్గు పట్టీ, ఆ పట్టీలో వరసగా చిన్న చిన్న చదరపు చీకటి నోళ్లు. ఒకప్పుడు మనుషులు తవ్వుకుంటూ పోయిన సొరంగాలు అవి, అడ్డంగా కోసిన రొట్టెలో రంధ్రాల్లా బయటపడ్డాయి.

సదయ్య వేలుతో లెక్కపెట్టాడు. ఎడమ నుంచి నాలుగోదాని దగ్గర వేలు ఆగింది.

"గదే," అన్నాడు. "గా మూల మీదనే సద్ది తినేది. టోపీ బత్తి ఎలుతుర్ల."

"అగుపడుతున్నదా మంచిగ?" అని అడిగింది అనసూర్య.

"ఎండ పడ్డది దాని మీద." అతను చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు. "లోపలున్నప్పుడు ఎంత పెద్దగ అనిపించేదనుకున్నవ్. పదహారేండ్లు గింత జాగల తిరిగిన్నా నేను!"

అతని ముఖంలో బాధ ఉందేమోనని ఆమె చూసింది. లేదు. వెతుకుతున్న వస్తువు దొరికినవాడిలా ఉన్నాడు. పక్కన నిలబడ్డవాళ్లకు తన సొరంగం చూపిస్తూ, ఎక్కడ బొగ్గు టబ్బులు నడిచేవో, ఎక్కడ నీళ్లు ఊరేవో చెప్పడం మొదలుపెట్టాడు. చుట్టూ ఇరవైమంది చేరారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన, గని పనులు చూసే కుర్ర ఓవర్‌మన్ కూడా చెవి పెట్టి విన్నాడు.

ఈలోగా అక్కడికి వచ్చిన వర్క్‌షాపు ఇంజనీరు కారు దగ్గర వంగి చూస్తున్నాడు. సీటు చట్రం అతుకు మీద బొటనవేలు రాశాడు. సమంగా, పేర్చిన నాణేల్లా సాగిన గీత అది. బస్సులో వచ్చి పక్కన నిలబడ్డ బుచ్చన్నతో, రిటైరయ్యే ముందు కూడా చెయ్యి తగ్గలేదే అన్నాడు.

"నాది కాదు సార్," అన్నాడు బుచ్చన్న. "ఆమెది. నాకంటె మంచిగ పడ్డది."

ఇంజనీరు అనసూర్యను పిలిచి ఎన్నాళ్లుగా చేస్తున్నావని అడిగాడు. ఏడేళ్లని చెప్పింది. మరి వర్క్‌షాపులో ఊడుస్తున్నావెందుకు అన్నాడు. ఎవరూ అడగలేదు సార్ అంది. ఆమె అది ఫిర్యాదుగా అనలేదు, ఉన్న సంగతి చెప్పింది. కానీ ఆయన ముఖం సిగ్గుతో ఎర్రబడింది.

మరుసటి ఏడు వెల్డరు ఉద్యోగానికి పెట్టే ట్రేడ్ టెస్టుకు ఆమె పేరు వెళ్లింది. ఆ టెస్టులో ఒక్కతే ఆడమనిషి. మొదటిసారి తప్పింది. తలపైన పట్టిన ప్లేటును కింది నుంచి అతికించాలి, కరిగిన ఇనుము చుక్కలుగా మీద రాలుతుంది. ఒక చుక్క జాకెట్టు చేతిలో పడేసరికి చెయ్యి కదిలింది. ఇంటికొచ్చి జామచెట్టు కొమ్మకు ప్లేటు వేలాడదీసి మూడు నెలలు అదే సాధన చేసింది. ఈసారి సమ్మవ్వ సీరియల్ ఆపుకుని వచ్చి కూర్చుని, రవ్వలు పడ్డప్పుడల్లా కదలకు బిడ్డా, కదలకు అని తన వంతు సాయం చేసింది. రెండోసారి పాసయింది. వెల్డరుగా ఆర్డరు వచ్చిన సాయంత్రం ఆ కాగితాన్ని బుచ్చన్న అందరికీ చదివి వినిపించాడు. సదయ్య నాటుకోడి వండాడు.

రెండువేల పద్నాలుగు జూన్‌లో రాష్ట్రం వచ్చిన రోజు గోదావరిఖని చౌరస్తాలో ఊరంతా ఉంది. ఊరేగింపులో తొట్టి కారు కూడా ఉంది. జనం మధ్య నత్తనడక నడిచి నడిచి ఇంజను వేడెక్కి ఆగిపోయింది. అనసూర్య దిగి మూత ఎత్తేలోగా జనమే వెనక చేరి తోయసాగారు. సదయ్య సీటును పక్కకు తిప్పుకుని, డప్పుల వైపు మొహం పెట్టి, తోసేవాళ్లను హుషారు చేశాడు. బండి మీద పడిన రంగు మూడు రోజులు కడిగినా పోలేదు.

ఆ నెలాఖరున మంచిర్యాల నుంచి ఒకాయన ఆటో నడుపుకుంటూ వచ్చాడు. భార్యకు చిన్నప్పుడే పోలియో, రెండు కాళ్లూ రావు, ఆటో ఎక్కించాలంటే ఎత్తుకోవాల్సి వస్తోంది, ఆమెకు అది నామోషీ, ఎక్కడికీ రానంటోంది. ఇక్కడెవరో తిరిగే కుర్చీ చేస్తారని విని వచ్చాడు. అనసూర్య అప్పుడే ఫస్టు షిఫ్టు దిగి, డ్యూటీ బూట్లు విప్పుతోంది. ఆటో లోపలికి తలపెట్టి చూసింది. పైకప్పు ఉంది. అది వేరే లెక్క. పక్కనున్న కడ్డీ తీసేసి, సీటును బయటికి జారేటట్టు చేస్తే కుదరొచ్చు.

"అయితదా అక్కా?" అని అతను అడిగాడు.

"మీ ఇంటామెను తీసుకరా," అంది అనసూర్య. "ఆమె కూసున్నంక ఎంత ఎత్తుంటదో, చెయ్యి ఎక్కడిదాక అందుతదో, నేను కొలువాలె. నిన్ను కొలిస్తె ఏమొస్తది?"

అతను నవ్వి, ఆటో తిప్పుకుని వెళ్లాడు. సదయ్య లోపల్నుంచి, అన్నం పెట్టమంటావా అని కేకేశాడు. పెట్టమని చెప్పి, ఆమె గోడకు ఆనించిన గొట్టాల్లోంచి ఒకటి తీసి, వంకర ఉందేమోనని కంటికి ఆనించి చూసుకుంది.